కట్టెలోళ్ళ ఇల్లు

మా ఊరు బద్వేలు దగ్గర, లంకమల కొండల కింద. ఊర్లో మా ఇంటికి ఇంటిపేరుతో పని ఉండేది కాదు. కొత్తవాళ్ళెవరైనా దారి అడిగితే "కట్టెలోళ్ళ ఇల్లా, బోరింగు దాటినాక రెండోది" అని చూపించేవాళ్ళు. బడిలో నేను కట్టెలోళ్ళ పాపను. రేషన్ షాపులో మా అమ్మ కట్టెలోళ్ళామె. పాలు పోసేవాళ్ళు పాలోళ్ళు అయినట్లే కొండకు పోయి పొయ్యికట్టెలు తెచ్చి అమ్మేవాళ్ళు కట్టెలోళ్ళు. ఆ మాటలో ఎక్కువా లేదు, తక్కువా లేదు.

పెళ్ళి కుదిరితే వంటవాళ్ళ కంటే ముందు మా అమ్మకు కబురొచ్చేది. ఎవరైనా పోతే, దగ్గరి చుట్టాలకు ఫోన్లు చేసిన వెంటనే "కట్టెలోళ్ళకు చెప్పినారా" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. తెల్లవారుజామున మా వాకిట్లో ఒక మనిషి ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉంటే అమ్మకు అర్థమయ్యేది. "ఏం కావాల" అని అడిగేది కాదు, "ఎవురు" అని అడిగేది. ఆ మనిషి పేరు చెప్పేవాడు. అమ్మ కాసేపు అట్లాగే నిలబడి, తర్వాత దొడ్లోకి పోయి లావు కట్టెలు ఏరడం మొదలుపెట్టేది. చిన్నప్పుడు నాకు ఊర్లో చావులన్నీ మా వాకిలి మీదుగానే పోతాయని అనిపించేది.

మా పక్క కట్టె అంటే పొయ్యిలో పెట్టేది. ముసలివాళ్ళు చేత్తో పట్టుకుని నడిచేదీ కట్టే. ఊపిరి పోయాక మనిషిలో మిగిలేదీ కట్టే. ఇది నాకు తెలిసిన రోజు గుర్తుంది. వీధి చివర వ్యాను ఆగింది. "కట్టె వచ్చింది, కట్టె వచ్చింది" అని ఆడవాళ్ళు పరుగెత్తుతున్నారు. మాకు కాకుండా ఇంకెవరికి కట్టెలు వచ్చాయో చూద్దామని నేనూ పరుగెత్తాను. తలుపు తీస్తే దుప్పటి కింద మనిషి ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ తర్వాత చాలా రోజులు దొడ్లో పేర్చిన మోపుల పక్కనుంచి నేను ఒంటరిగా పోలేదు.

గ్యాసు పొయ్యిలు వచ్చాక మా కట్టెలకు గిరాకీ తగ్గింది. అయినా హోటళ్ళు, పెళ్ళిళ్ళు, వల్లకాడు ఉండేవి. మా నాయన బోరు లారీల మీద పనికి పోయేవాడు. తమిళంవాళ్ళ బండ్లు అవి. ఏడాదిలో సగం రోజులు ఎక్కడెక్కడో ఉండేవాడు, వాళ్ళతో తిరిగి తిరిగి తమిళం బాగా వచ్చింది. ఇంటి దగ్గర అమ్మా, నేనూ, పక్కింట్లో మా మేనత్త. అమ్మా, అత్తా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి కొండకు పోయేవాళ్ళు. ఎండిన కట్టె మాత్రమే తెచ్చేవాళ్ళు, అదీ కొండ అంచుల్లోనే. ఫారెస్టువాళ్ళు చూసీ చూడనట్లు వదిలేసేవాళ్ళు.

తర్వాత ఎర్రచందనం గోల మొదలైంది. ఆ చెట్లు మా కొండల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, మేము ఏనాడూ ముట్టుకోలేదు. ఎవరో పెద్దవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కూలీలను తెచ్చి కొండలోకి వదులుతున్నారని, పట్టుబడేది మాత్రం ఆ కూలీలేనని టీవీలో చెప్పేవాళ్ళు. మా ఊర్లో ఆ కూలీలకు వేరే పేరు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. ఉన్న మాటనే వాడుకున్నారు. "నిన్న కనుమలో కట్టెలోళ్ళు దొరికినారంట." "కట్టెలోళ్ళను జీపులో ఎక్కించినారంట." మొదట్లో ఆ మాట వినగానే నేను తలతిప్పి చూసేదాన్ని, మమ్మల్నే పిలిచినట్లు.

అప్పుడు నేను బద్వేలులో డిగ్రీ చదువుతున్నాను. ఒకరోజు బస్సులో పక్కన కూర్చున్నామె ఏ ఊరు, ఎవరి పాపవు అని అడిగింది. కట్టెలోళ్ళ పాపనని చెప్పాను. ఆమె గొంతు తగ్గించి "మీ నాయన ఇంటికాడే ఉండాడా, లోపలుండాడా" అని అడిగింది. జైలు గురించి అడుగుతోందని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఇంటికొచ్చి అమ్మతో చెప్తే నవ్వింది. "మన మాటను వాళ్ళు ఎత్తుకపోయినారు, మనమేం చేస్తాం" అంది.

ఆ ఎండాకాలం సెలవుల్లో నేనూ అమ్మతో కొండకు పోయాను. చల్లపూటే బయలుదేరి, పొద్దు ఎక్కేసరికి మోపులు కట్టుకున్నాం. దిగి వచ్చేటప్పుడు ఒక ఎండిన వంక దాటాలి. ముందు నడుస్తున్న మా అత్త ఆగిపోయింది. వంకలో ఒక బండ నీడన మనిషి పడి ఉన్నాడు. గళ్ళ లుంగీ, చిరిగిన బనీను. నలభై ఏళ్ళుంటాయి. ఒక కాలు మోకాలి కింద తిరగరాని పక్కకు తిరిగి ఉంది, బాగా వాచి నల్లబడింది. పక్కన చిన్న గొడ్డలి, ఖాళీ నీళ్ళ సీసా. పైనుంచి పడిపోయినట్లున్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు వదిలేసి పోయి ఎన్నాళ్ళయిందో.

"చూడొద్దు. పాండి" అంది అత్త. "మనం ఈ పక్కకు రాలేదు."

"కండ్లు తెరిచే ఉండాడు వదినా" అంది అమ్మ.

"తెరిచి ఉంటే మనకేం? వీళ్ళ కట్టెలోళ్ళు ఈడే యాడో ఉంటారు. ఫారెస్టోళ్ళు చూస్తే మనల్నీ వాళ్ళల్లో కలుపుతారు."

మిగతా ఇద్దరూ అప్పటికే వంక దాటేశారు. అమ్మ మోపు దించి, నా సీసా తీసుకుని ఆయన తల దగ్గర కూర్చుంది. కొంచెం కొంచెంగా నీళ్ళు పోసింది. ఆయన తాగాడు. తాగినవి కొన్ని గడ్డం మీదుగా జారిపోయాయి. తర్వాత అమ్మ ముఖంలోకి చూసి "కట్టై" అన్నాడు.

"ఏమప్పా?"

"కట్టై" అన్నాడు మళ్ళీ. చెయ్యి కొంచెం లేపి పడేశాడు.

"కట్టె కావాల్నంట" అంది అమ్మ నాతో. "లేచి నడుస్తాడంట పాపం." అక్కడే ఉన్న ఒక రేలచెట్టు కొమ్మ కొట్టి, ఆకులు దూసి, ఊతకట్టెగా చేసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని చూశాడు. నవ్వినట్లు అనిపించింది, నొప్పితో ముఖం అట్లా అయిందేమో తెలియదు. తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే మాట అన్నాడు.

అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు అత్తతో పో. కింద చెక్‌పోస్టు కాడ వాచరుకు చెప్పు. కాలిరిగిన మనిషి ఉండాడని చెప్పు. ఇంకేం చెప్పొద్దు."

"నువ్వు?"

"నేనుంటా. ఎవురో ఒకరు ఉండాల కదా."

దారంతా అత్త నన్ను వారిస్తూనే వచ్చింది. చెప్పితే మీ అమ్మే ఇరుక్కుంటుంది, చీకటి పడితే ఆమే వస్తుందిలే అంది. చెక్‌పోస్టు కనిపించగానే అత్త ఊరిదారి పట్టింది. నేను మోపు దించి వాచరు దగ్గరికి పోయాను. ముసలాయన, మా అమ్మను ఎన్నో ఏళ్ళుగా చూసినవాడు. చెప్పిందంతా విని, ఫోన్ చేసి, "జీపు రావాల్నమ్మా, కూర్చో" అన్నాడు. జీపు వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటిపోయింది. జీపు పోయేంతవరకు పోయి, అక్కడి నుంచి నడిచాం.

మేము పోయేసరికి ఆయన చనిపోయి ఉన్నాడు. తల కింద అమ్మ మోపు పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు ఉంది. రేలకట్టె పొట్ట మీద ఉంది. అమ్మ పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది. అమ్మ మోపు విప్పి ఉంది, కట్టెలు ఆయన పక్కన పొడుగ్గా పరిచి ఉన్నాయి. ఎందుకు విప్పిందో నాకు తోచలేదు. అడిగే సమయం కూడా కాదు.

వచ్చినవాళ్ళలో ఒక చిన్న వయసు ఆఫీసరు ఉన్నాడు, కొత్తగా వచ్చినట్లున్నాడు. అమ్మను చూసి "నువ్వెవరు" అన్నాడు.

అమ్మ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కాపురానికి వచ్చినప్పటి నుంచి చెప్తున్న మాటే చెప్పింది. "కట్టెలోళ్ళం సార్."

ఆయన వాచరు వైపు, జీపు డ్రైవరు వైపు చూశాడు. మమ్మల్ని ఆఫీసుకు తీసుకుపోయారు. నన్ను వసారాలో కూర్చోబెట్టారు, లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మీవాళ్ళు ఎంతమంది?"

"నలుగురం సార్."

"పేర్లు చెప్పు." అమ్మ మా అత్త పేరుతో సహా అన్నీ చెప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తాండారు?"

"మా అత్తగారి కాలం నుంచి."

"ఎవరికి అమ్ముతారు?"

"హోటళ్ళకు సార్. పెండ్లిళ్ళకు. పీనుగలకు."

తర్వాత మళ్ళీ మొదటి నుంచి అవే ప్రశ్నలు. అమ్మకు అబద్ధం చెప్పాల్సిన పని కనిపించలేదు, నిజం చెప్పిన కొద్దీ ఆయనకు అనుమానం పెరిగింది. చివరికి సాయంత్రం ముసలి వాచరు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి "సార్, ఈమె పొయ్యికట్టెల ఆమె" అన్నాడు. ఒక్క పొయ్యి అన్న మాట ముందు చేర్చేసరికి అమ్మను ఇంటికి పంపించారు. ఊరు దగ్గర పడ్డాక "కట్టెలోళ్ళమంటే తప్పయిందే" అంది. ఆ రోజు తర్వాత ఆమె నోట ఆ మాట నేను వినలేదు.

ఆఫీసులో తమ పేర్లు చెప్పిందని ఆ ఇద్దరు ఆడవాళ్ళూ మా గడప తొక్కడం మానుకున్నారు. అత్త కొన్నాళ్ళు మాట్లాడలేదు. గార్డులు ఎండుకట్టెలకు కూడా ఎవరినీ పోనివ్వలేదు. అమ్మ అడగనూ లేదు. కొడవలి, తాడు చూరులో పెట్టేసింది.

చనిపోయిన మనిషి దగ్గర ఒక ఫోన్ ఉంది. ఛార్జింగ్ అయిపోయి ఉంటే పోలీసులు ఛార్జింగ్ పెట్టారు. పెట్టిన కాసేపటికే మోగిందట. అవతల ఆయన భార్య. అన్ని రోజుల నుంచి చేస్తూనే ఉందట. ఎత్తగానే ఆమె మాట్లాడింది ఎవరికీ అర్థం కాలేదు, ఆమె ఏడవడం లేదు, సంతోషంగా మాట్లాడుతోంది అని ఆ కానిస్టేబుల్ మా నాయనతో చెప్పాడు. అప్పటికి నాయన బోరు బండి దిగి వచ్చి ఉన్నాడు. తమిళం తెలిసిన మనిషి కావాలని ఆయన్ను ఆస్పత్రికి పిలిపించారు. అమ్మ "నేనూ వస్తా" అంది. నేనూ పోయాను.

ఆయన భార్య తన మరిదితో వచ్చింది. సన్నగా, నల్లగా, అచ్చం మా ఊరి ఆడమనిషిలాగే ఉంది. జాకెట్టు చేతికి పసుపు మరక కూడా అట్లాగే. ఆస్పత్రి వెనక వేపచెట్టు కింద ఆమె, అమ్మ, నాయన కూర్చున్నారు. ఆమె మొదట అడిగింది ఒకటే. నాయన అమ్మ వైపు తిరిగి "నీళ్ళు తాగినాడా అని అడుగుతాంది" అన్నాడు.

"తాగినాడని చెప్పు. శానా తాగినాడని చెప్పు."

ఆమె అమ్మ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఏమైనా అన్నాడా అని అడిగింది.

"కట్టై అన్నాడు" అంది అమ్మ. "నేను ఊతకట్టె ఇస్తిని."

నాయన చెప్పాడు. ఆమె మెల్లగా మాట్లాడింది. నాయన వింటూ తల ఊపాడు. "పని నుంచి వచ్చి, ఈ కట్టైని కొంచెంసేపు పడుకోనీ అనేవాడంట. వాళ్ళల్లోనూ ఒంటికి ఆ మాటే. ఈ పనికి వచ్చేవాళ్ళను వాళ్ళ ఊర్లోనూ కట్టై కొట్టేటోళ్ళనే అంటారంట."

అమ్మ ఆమె ముఖంలోకే చూస్తోంది. "యాడ కాలుస్తారో అడుగు."

నాయన అడిగాడు. "వాళ్ళల్లో కాల్చరంట. పూడుస్తారంట."

"కాల్చరా?"

"పూడుస్తారంట."

వ్యాను వచ్చింది. ఆమె ఎక్కబోతూ మళ్ళీ దిగి, నాయన దగ్గర ఫోన్ నంబరు తీసుకుంది, తనది ఇచ్చింది. ఎందుకో ఎవరికీ తెలియదు.

తర్వాత కొన్ని నెలలకు అమ్మకు పిలుపులు వినిపించడం మొదలైంది. మధ్యాహ్నం పూట, ఇంట్లో పని చేసుకుంటూ, సంగటి కెలుకుతూనో, బియ్యం చెరుగుతూనో ఉన్నట్టుండి తల ఎత్తి కొండ పక్కకు చూసి "ఆ, వస్తాండా" అనేది. మామూలు గొంతుతో, పక్కింటామె పిలిస్తే పలికినట్లు. మేము ఎవరూ పిలవలేదే అంటే "పిలిచినట్లుంటే" అనేది, మళ్ళీ పనిలో పడేది. మొదట మేము పట్టించుకోలేదు. ఒకసారి పొయ్యి మీద అన్నం వదిలేసి చెప్పులు కూడా లేకుండా బోరింగు దాకా నడిచింది. ఇంకోసారి చెక్‌పోస్టు దగ్గర నుంచి వాచరే వెంటబెట్టుకుని వచ్చాడు.

కొండలో చచ్చినవాడు పట్టుకున్నాడని ఊర్లో అన్నారు. అత్తే వచ్చి, కోపం మరిచిపోయి, అమ్మను దర్గాకు తీసుకుపోదామంది. మా పక్క ఇట్లాంటి వాటికి హిందువులైనా దర్గాకే పోతారు. దర్గా చూసుకునే ముజావరు పెద్దాయన నెమలీకల కట్టతో అమ్మ తల మీద తట్టి అడిగాడు.

"పిలిచేది ఎవరో తెలుసునా అమ్మా?"

"తెలుసు."

"ఏమడుగుతాండాడు?"

"కట్టై అంటాడు."

"ఇచ్చినావు కదా, మీ వదిన చెప్పింది."

"ఇచ్చినా. ఆయన అడిగింది అది కాదు" అంది అమ్మ.

ముజావరు తాయెత్తు కట్టే దారం చేతిలో పట్టుకుని చాలాసేపు ఆమెనే చూశాడు. "అట్లయితే ఇది నీకు పని చెయ్యదు" అన్నాడు. అయినా అత్త పట్టుబట్టిందని కట్టాడు. ఆయన చెప్పినట్లే అది పని చెయ్యలేదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కడపలో ఇల్లు తీసుకున్నాం. ఆ పిలుపులు మాత్రం ఆగలేదు. వారానికి ఒకసారి, నెలకు ఒకసారి. నాయన బోరు పని మానేసి ఇంటి దగ్గరే ఉంటూ ఆమెను కనిపెట్టుకుని ఉండేవాడు. అది మాకు అలవాటైపోయింది, కొందరి ఇళ్ళల్లో దగ్గు అలవాటైనట్లు. అమ్మ "వస్తాండా" అంటే నాయన ఉన్నచోటి నుంచే "కూర్చోమ్మే" అనేవాడు. ఆమె కూర్చునేది. నాకు మాత్రం అలవాటు కాలేదు. ఆమె పలికిన ప్రతిసారీ నేను కొండ వైపు చూసేదాన్ని, ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని. కడపలో నా తరగతి గదిలో పాఠం చెప్తుంటే ఎక్కడో గొడ్డలి దెబ్బ వినిపించి ఆగిపోయేదాన్ని. బయట ఎవరో మేకు కొడుతూ ఉండేవారు.

మొన్నటి ఏడాది అమ్మ కంటి ఆపరేషన్‌కు కడప వచ్చి మా ఇంట్లో ఉంది. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఆమె తల ఎత్తింది. పలుకుతుందని తెలిసింది. నేను చేతిలో పని ఆపి "ఆయన ఏమడిగినాడమ్మా" అన్నాను. అన్ని ఏళ్ళల్లో ఒక్కసారి కూడా నేను అడగలేదు.

ఆమె వెంటనే చెప్పింది, అడగడం కోసమే కాచుకుని ఉన్నట్లు.

"మీరు పోయినాక ఊతకట్టె పక్కన పెట్టేసినాడు. నా మోపు చూపించినాడు. తర్వాత తన రొమ్ము చూపించినాడు. కట్టై, కట్టై అంటాడు. నాకు తెలీలేదు. అప్పుడు ఇట్ల" అని అమ్మ పళ్ళు కొరికి, తన చేతిని తానే కరుచుకున్నట్లు చేసి చూపించింది. "నక్కలు. తిరుగుతాండాయని చెప్పినాడు. కండ్లల్లో ఎంత భయముండాదో. ఇంక బతకనని ఆయనకు తెలుసు. నన్ను కాల్చేసి పో అని అడిగినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"సరేనప్పా అంటిని. మోపు విప్పి, కట్టెలు పక్కన పరిచి, ఇవన్నీ నీకే అంటిని. అప్పుడు నమ్మినాడు. చెయ్యి వదిలినాడు. అంతకుముందు పట్టుకునే ఉన్నాడు." అమ్మ తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది. "అంతలో మీరొచ్చిరి."

"ఆయమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"అంత దూరం నుంచి వచ్చింది. నీ మొగుడు నక్కలకు భయపడి పోయినాడని యాడ చెప్పేది? వాళ్ళు పూడుస్తామనిరి. నేను మాటిస్తిని. ఏం చెయ్యల్ల నేను?"

ఎన్నెన్ని చావులకు కట్టెలు వేసిన చేతులు అవి. అడిగిన ఒక్క మనిషికి వెయ్యలేకపోయింది. నేను చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను.

కన్ను నయమయ్యాక ఊరికి పోయాం. బద్వేలు అడితిలో కట్టెలు కొన్నాను. మా ఇంటికి కట్టెలు కొనడం అదే మొదటిసారి. అడితి ఆయన ఆటోకు ఎత్తిస్తూ "ఎవరమ్మా పోయినది" అని అడిగాడు. అమ్మ "మాకు కావాల్సినోడు" అంది. నాయన మాతో వచ్చాడు. ఆయనకు నేను అంతా ముందే చెప్పి ఉన్నాను.

మధ్యాహ్నం వల్లకాటికి పోయాం. అక్కడ చూసుకునే పెద్దాయనకు అమ్మ పాత పరిచయమే. ఆటోలోంచి కట్టెలు దించి, ఎప్పటిలాగే పద్ధతిగా పేర్చాడు. లావువి కింద, సన్నవి పైన. చెమట తుడుచుకుని దారి వైపు చూశాడు. ఎవరూ వస్తున్నట్లు లేదు.

"కట్టె యాడమ్మా?" అన్నాడు.

అమ్మ పేర్చిన కట్టెల మీద చెయ్యి పెట్టింది. "ఇదేనప్పా."

ఆయన నాయన ముఖం చూశాడు. నాయన తల ఊపాడు. పెద్దాయన నాలుగడుగులు వెనక్కి జరిగాడు. అమ్మే నిప్పు పెట్టింది. మా పక్క ఆడవాళ్ళు వల్లకాటికి రారు, నిప్పు పెట్టరు. ఆ రోజు మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. ఎండలో మంట సరిగా కనిపించలేదు, గాలి వణకడం మాత్రమే కనిపించింది. దాని వెనక కొండ కూడా వణికింది. అమ్మ ఆ వైపే చూస్తూ నిలబడింది. నేనూ చూశాను. వంక ఉండే చోటు అక్కడి నుంచి కనిపించదు. కట్టెలన్నీ కూలి నిప్పులయ్యేదాకా ఉండి, ఇంటికొచ్చి తలకు పోసుకున్నాం.

మూడో రోజు అమ్మ బూడిద మీద పాలు పోయడానికి పోయింది. ఎముకలు ఏరడానికి ఏమీ లేదు కదా అన్నాను. "లేకుంటే ఏం" అని ఒక పిడికెడు బూడిద చెంగులో కట్టుకుని కొండ మొదట్లో వదిలి వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన భార్యకు ఫోన్ చెయ్యమని నాయనను అడిగింది. నంబరు మారి ఉంటుందని నాయన అన్నాడు. మారలేదు. రెండోసారి మోగగానే ఎత్తింది. నాయన తాను ఎవరో చెప్పాడు. తర్వాత ఆమె గొంతు వినిపించింది, కొంచెం ముసలిదైనట్లు.

"చెప్పు" అంది అమ్మ. "కట్టె వేసినానని చెప్పు. భయం లేదని చెప్పు."

నాయన ఫోన్ చెవికి పెట్టుకుని అమ్మను చూశాడు. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కాచుకుని ఉంది. ఆయన గొంతు సవరించుకుని తమిళంలో ఏదో అన్నాడు, అవతల ఆమె ఏదో చెప్పింది. అమ్మకు ఒక్క మాటా అర్థం కాదు. ఆ తర్వాతి ఏళ్ళల్లో నాయన దగ్గర నేర్చుకున్నందుకు నాకు కొంచెం అర్థమవుతుంది.

నాయన ఆమెను అడిగింది మీ ఊర్లో వానలు పడినాయా అని. ఇంకా లేదంది ఆమె.